తుని దగ్గరి గీత, ఢిల్లీలోని గడియారం: దేశానికి టైమ్ ఎవరు చెబుతారు?

2017 జనవరి 1 తెల్లవారుజామున 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తర్వాత మన దేశంలో ఐదున్నర కాలేదు. 5 గంటల 29 నిమిషాల 60వ సెకను వచ్చింది. ఐదున్నర అయింది ఆ తర్వాతే. ఏ గోడ గడియారంలోనూ ఉండని ఆ సెకనును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అధికారికంగా లెక్కలో కలిపింది. కొత్త సంవత్సరమని గుడి దగ్గర క్యూ కట్టినవాళ్లకూ, రాత్రంతా మేలుకుని అప్పుడే నడుం వాల్చినవాళ్లకూ అదనంగా ఒక సెకను దొరికిన సంగతి తెలియదు. తెలియకపోయినా వాళ్లకు నష్టం లేదు. కంప్యూటర్లకు మాత్రం నష్టమే. అంతకుముందు 2012 జూలై 1న ఇలాంటి సెకనే వచ్చినప్పుడు ప్రపంచంలో చాలా సర్వర్లు తికమకపడి మొరాయించాయి.

ఆ సెకను కలపాలన్న నిర్ణయం ఢిల్లీ తీసుకున్నది కాదు. అణు గడియారాలతో పోలిస్తే భూమి తిరుగుడు ఎంత వెనకబడిందో ఎప్పటికప్పుడు కొలిచే అంతర్జాతీయ సంస్థ ఒకటి పారిస్‌లో ఉంది. దాదాపు ఆరు నెలల ముందే అక్కడి నుంచి అన్ని దేశాలకూ కబురు వెళ్లింది. గ్రీనిచ్ లెక్కన అర్ధరాత్రికి ముందు ఒక సెకను చేర్చమన్నారు. అక్కడి అర్ధరాత్రి మనకు ఉదయం ఐదున్నర. అందుకే ఆ వింత సెకను మనకు కోడి కూసే వేళకు వచ్చింది.

ఒక దేశపు అధికారిక సమయంలో నిజానికి రెండు ప్రశ్నలు ఇమిడి ఉంటాయి. గంటల ముల్లు ఎక్కడ నిలపాలన్నది ఒకటి. ఢిల్లీలో ఏడైతే అస్సాంలోని దిబ్రూగఢ్‌లోనూ ఏడనే అనాలా, ఎనిమిదనాలా? ఇది ప్రభుత్వాలు తేల్చుకునే విషయం. సెకన్ల ముల్లు సరిగ్గా ఏ క్షణంలో కదలాలి, ఆ సంగతి ఎవరిని అడగాలి అన్నది రెండోది. వాదోపవాదాలు, కోర్టు కేసులు, ముఖ్యమంత్రుల ప్రకటనలు అన్నీ మొదటి ప్రశ్న చుట్టూనే సాగాయి. దేశం నిజంగా ఇతరుల మీద ఆధారపడి ఉన్నది మాత్రం రెండో ప్రశ్న దగ్గర.

పొద్దుకీ గడియారానికీ మధ్య ఎడం

మన దేశం 68 డిగ్రీల 7 నిమిషాల తూర్పు రేఖాంశం నుంచి 97 డిగ్రీల 25 నిమిషాల దాకా పరుచుకుని ఉంది. అంటే 29 డిగ్రీలకు పైమాటే. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఈ లెక్కన తూర్పు కొసన పొద్దు పొడిచిన దాదాపు రెండు గంటలకు గానీ పడమటి కొసన పొడవదు. అరుణాచల్ ప్రదేశ్‌లోని డోంగ్ అనే ఊళ్లో జూన్ నెలలో 4 గంటలు దాటగానే వెలుగు వచ్చేస్తుంది. అప్పటికి ద్వారకలో ఇంకా నడిరాత్రి లాంటి చీకటే.

ఈ మొత్తానికీ కలిపి ఎంచుకున్నది 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గరగా వెళ్తుందని బడి పుస్తకాల్లో చదివిన గీత ఇదే. అది అక్కడితో ఆగదు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీదుగా దిగి, మన ఏజెన్సీ కొండలు దాటి, అన్నవరానికీ తునికీ మధ్య నుంచి బంగాళాఖాతంలో కలుస్తుంది. కాకినాడ మీదుగా వెళ్తుందని చాలాచోట్ల రాస్తారు గానీ, కాకినాడ ఈ గీతకు కాస్త పడమరన ఉంది.

కాబట్టి సూర్యుడూ గడియారమూ ఒక మాట మీద ఉండే ఊళ్లలో తుని ఒకటి. అదీ ఏడాది సగటున మాత్రమే. భూమి కక్ష్య పూర్తి గుండ్రంగా లేకపోవడం వల్ల, అక్షం వంగి ఉండటం వల్ల సూర్యుడు నవంబరు తొలి రోజుల్లో 16 నిమిషాలు ముందు ఉంటాడు, ఫిబ్రవరిలో 14 నిమిషాలు వెనకబడతాడు. సగటు లెక్కే తీసుకుంటే తునికి తూర్పున ఉన్న ఇచ్ఛాపురంలో సూర్యుడు గడియారం కన్నా 9 నిమిషాలు ముందుంటాడు. హైదరాబాద్‌లో 16 నిమిషాలు, హిందూపురంలో 20 నిమిషాలు వెనక. అంటే ఆంధ్రప్రదేశ్‌లోనే ఆ చివరి ఊరికీ ఈ చివరి ఊరికీ దాదాపు అరగంట తేడా ఉంది. అయినా బడి గంట రెండు చోట్లా ఒకే టైముకు కొడతారు, ఎవరూ గొడవ చేయరు. అరగంట వరకు మనిషి సర్దుకుపోతాడు. తంటా అంతా గంట దాటినప్పుడే.

పంచాంగం చూసేవాళ్లకు ఈ ఎడం కొత్తేమీ కాదు. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు అన్న పాత లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది, సూర్యోదయం ఊరూరికీ మారుతుంది. పాత సిద్ధాంత గ్రంథాలకు ఉజ్జయిని మీదుగా వెళ్లే రేఖే ఆధారం. స్వాతంత్ర్యం వచ్చాక భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన వేసిన పంచాంగ సంస్కరణ సంఘం 1955 నివేదికలో ఒక తెలివైన రాజీ చేసింది. జాతీయ పంచాంగానికి ఆధార బిందువుగా ఉజ్జయిని అక్షాంశాన్నీ, ప్రామాణిక కాలపు రేఖాంశాన్నీ కలిపి తీసుకుంది. 23 డిగ్రీల 11 నిమిషాల ఉత్తరం, 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు. పాత కాలానికి ఒక గీత, కొత్త కాలానికి ఒక గీత అన్నమాట.

మద్రాసు కాలం

రైలు రాకముందు ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. పక్క ఊరికి ఎడ్లబండి మీద వెళ్లేవాడికి నాలుగు నిమిషాల తేడాతో పనేముంటుంది? రైళ్లకు, టెలిగ్రాఫ్‌కు అలా కుదరలేదు. ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు బళ్లు నడపాలంటే రెండు స్టేషన్లలోనూ గడియారాలు ఒకే మాట చెప్పాలి.

అప్పటి రాజధాని కలకత్తా, పెద్ద వ్యాపారమంతా బొంబాయిది. టైమ్ మాత్రం మద్రాసుది తీసుకున్నారు. కారణం అక్కడి నక్షత్రశాల. ఈస్టిండియా కంపెనీ 1792లో కట్టించిన ఆ నక్షత్రశాలలో దూరదర్శినిని నిలపడానికి ఒక గ్రానైట్ స్తంభం ఎత్తారు. దాని మీద లాటిన్, తమిళం, తెలుగుతో సహా పలు భాషల్లో శాసనం చెక్కించారు. ఆసియాలో గణితశాస్త్రం ఎప్పుడు నాటారో వెయ్యేళ్ల తర్వాతి వాళ్లకు కూడా తెలియాలని. ఆర్యభటుడు పుట్టిన నేల మీద నిలబడి ఆ మాట రాయడానికి ఎంత ధీమా కావాలో! ఆ స్తంభం ఇప్పటికీ చెన్నై నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. అక్కడ పనిచేసిన జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు రేఖాంశాన్ని లెక్కగట్టి, అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుందని తేల్చాడు. నక్షత్రాలను చూసి గడియారం సరిచేసే ఏర్పాటు అక్కడ ఉండటం, ఊరు కూడా బొంబాయికీ కలకత్తాకీ మధ్యస్థంగా ఉండటం కలిసొచ్చాయి. 1870 నుంచి రైల్వేలు మద్రాసు కాలాన్ని పట్టుకున్నాయి.

బొంబాయికి అది రుచించలేదు. ఆ ఊరి టైమ్ గ్రీనిచ్‌కు 4 గంటల 51 నిమిషాలు ముందు, అంటే మద్రాసుకు అరగంట వెనక. 1881లో గవర్నర్ జేమ్స్ ఫెర్గూసన్ ప్రభుత్వ కార్యాలయాల్లో మద్రాసు టైమ్ పెట్టించబోతే ఊరంతా ఎదురు తిరిగింది. రెండేళ్లకే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. 1884లో వాషింగ్టన్ సమావేశం గ్రీనిచ్‌ను ప్రపంచానికి సున్నా రేఖగా ఎంచుకున్నాక దేశాలన్నీ ఒక్కొక్కటిగా గంటల్లోనో అరగంటల్లోనో సర్దుకోవడం మొదలుపెట్టాయి. భారతదేశానికి ఐదున్నర గంటల ప్రామాణిక కాలం 1906 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

మద్రాసు తన గడియారాన్ని 9 నిమిషాలు ముందుకు తిప్పుకుని ఊరుకుంది. కలకత్తా 24 నిమిషాలు వెనక్కి తిప్పాలి. బొంబాయి 39 నిమిషాలు ముందుకు తిప్పాలి. మిల్లు కార్మికుడి వైపు నుంచి చూస్తే ఇది చిన్న విషయం కాదు. గేటు తెరిచే టైమ్ కాగితం మీద మారదు, కానీ గడియారమే 39 నిమిషాలు ముందుకు జరిగితే ఇంకా చీకటి ఉండగానే ఇల్లు వదలాలి. మిల్లుల్లో ఆందోళన రేగింది. బెంగాల్ విభజన మీద దేశం మండుతున్న రోజులవి. సర్కారు గడియారం కూడా సర్కారు పెత్తనంగానే కనిపించింది. కలకత్తా తన సొంత టైమ్‌ను 1948 దాకా వదల్లేదు. బొంబాయి నగరపాలక గడియారాలు 1950ల దాకా పాత లెక్కనే నడిచాయి. స్వతంత్ర దేశపు వాణిజ్య రాజధానిలో కొన్నేళ్ల పాటు స్టేషన్‌లో ఒక టైమ్, ఊళ్లో ఒక టైమ్ నడిచాయన్నమాట.

ఇందులో ఒక తమాషా ఉంది. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ టైమ్ జోన్‌లను గుర్తుపట్టడానికి వాడే పట్టికలో ఒక్కో జోన్‌కు సాధారణంగా అక్కడి అతి పెద్ద ఊరి పేరు పెడతారు. మన జోన్ పేరు అందులో ‘ఆసియా/కోల్‌కతా’. నలభై ఏళ్లకు పైగా ఈ కాలాన్ని ఒప్పుకోని ఊరి పేరే ఇప్పుడు హైదరాబాద్ సర్వర్లలోనూ, విజయవాడలో జేబులో పెట్టుకున్న ఫోన్లలోనూ దానికి చిరునామా అయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో గడియారాలను మరో గంట ముందుకు తిప్పారు. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా దేశం గ్రీనిచ్‌కు ఆరున్నర గంటలు ముందు నడిచింది. చాలామంది ఈ సంగతి మరిచిపోయారు, జాతకాలు రాసేవాళ్లు తప్ప. ఆ మూడేళ్లలో పుట్టినవాళ్ల జనన సమయం నుంచి గంట తీసేయకపోతే లగ్నమే మారిపోతుంది మరి.

తేయాకు తోటల గంట

ఒకే టైమ్ వల్ల ఎక్కువగా ఇబ్బంది పడేది ఈశాన్యం. గువాహటిలో డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది. ఆఫీసుల్లో ఇంకా పని గంటలు నడుస్తుండగానే లైట్లు వేయాలి. పొద్దున వచ్చిన వెలుతురంతా పడకల మీద వృథా. బ్రిటిష్ తోటల యజమానులు దీనికి ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు. అస్సాం తేయాకు తోటల్లో ‘బాగాన్ టైమ్’ పేరుతో గడియారాన్ని గంట ముందుకు పెట్టుకుని నడిపారు. 1951 నాటి తోటల కార్మిక చట్టం కూడా ఒక ప్రాంతంలో స్థానిక సమయం పెట్టుకునే వీలు ప్రభుత్వాలకు ఇచ్చింది. 2014లో అప్పటి అస్సాం ముఖ్యమంత్రి తరుణ్ గొగోయ్ రాష్ట్రమంతటికీ అదే టైమ్ కావాలన్నారు. 2017లో అరుణాచల్ ముఖ్యమంత్రి పెమా ఖండూ అదే అడిగారు. అదే ఏడాది గౌహతి హైకోర్టు ఇలాంటి పిటిషన్‌ను కొట్టేసింది.

2018లో మాత్రం ఈ కోరికకు ఊహించని వైపు నుంచి బలం వచ్చింది. దేశానికి టైమ్ చెప్పే జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలే రెండు టైమ్‌లు కావాలంటూ కరెంట్ సైన్స్ పత్రికలో వ్యాసం రాశారు. ఈశాన్య రాష్ట్రాలకూ అండమాన్, నికోబార్‌లకూ ఆరున్నర గంటలు, మిగతా దేశానికి ఇప్పటి ఐదున్నర. సరిహద్దు గీత 89 డిగ్రీల 52 నిమిషాల దగ్గర. అస్సాం, పశ్చిమ బెంగాల్ కలిసే ఆ సన్నని మెడ లాంటి చోట రైళ్లకు టైమ్ మార్చాల్సిన స్టేషన్లు రెండే ఉంటాయి, న్యూ కూచ్‌బెహార్, అలీపుర్‌దువార్. దీనివల్ల ఏడాదికి 2 కోట్ల యూనిట్ల కరెంటు మిగులుతుందని వాళ్ల అంచనా.

రైళ్ల గురించి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. రెండు టైమ్‌లు వద్దనేవాళ్లు ముందుగా చూపేది రైలు ప్రమాదాల భయమే. ఆ భయం మరీ పెద్దదిగా కనిపించదు. అమెరికా, రష్యా రైళ్లు ఎన్నో జోన్లు దాటి నడుస్తున్నాయి. అసలు అడ్డంకి వేరే ఉంది. దేశం మ్యాప్ మీద ఈశాన్యాన్ని వేరుచేస్తూ ఇంకో గీత గీయడానికి ఢిల్లీలో ఏ ప్రభుత్వానికీ ఇష్టం ఉండదు. వ్యూహాత్మక కారణాల వల్ల కుదరదని కేంద్రం పార్లమెంటులో చెప్పిన సమాధానం సారాంశం అదే.

ఈ గొడవలో మూడో దారి ఒకటి మరుగున పడిపోయింది. బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థకు చెందిన దిలీప్ అహుజా, డి.పి. సేన్‌గుప్తా చాలాకాలంగా ఒకటే చెబుతూ వచ్చారు. దేశాన్ని రెండు ముక్కలు చేయకండి, గడియారాలన్నింటినీ ఒకేసారి అరగంట ముందుకు జరిపి గ్రీనిచ్‌కు 6 గంటలు ముందు ఉంచండి అని. సాయంత్రం ఇళ్లలో లైట్లు వెలిగే వేళ కాస్త వెనక్కి జరిగి, ఏడాదికి 200 కోట్ల యూనిట్లకు పైగా ఆదా అవుతుందని వాళ్ల లెక్క. ఢిల్లీ శాస్త్రవేత్తల లెక్కకూ వీళ్ల లెక్కకూ పద్ధతులు వేరు కాబట్టి అంకెలను పక్కపక్కన పెట్టి తూచడం సరికాదు. కానీ దేశం మొత్తం జరిగితే వచ్చే ఫలితం, కొన్ని రాష్ట్రాలు మాత్రమే జరిగితే వచ్చే ఫలితం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువన్నది మాత్రం మామూలు ఇంగితానికీ అందుతుంది. గీత గీయాల్సిన పనీ లేదు. అయినా ఈ ప్రతిపాదనకు దక్కాల్సిన చర్చ దక్కలేదు.

దీనికీ మూల్యం ఉంది, అది పడమర చెల్లించాలి. ద్వారకలో జనవరిలో ఇప్పుడే ఏడున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. అరగంట జరిపితే ఎనిమిది అవుతుంది. అంత చీకట్లో పిల్లలను బడికి పంపాలి. పైగా పడమటి వాళ్ల బాధ ఇప్పటికే తక్కువేమీ కాదని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మౌలిక్ జగ్నాని చేసిన అధ్యయనం చెబుతుంది. పొద్దు గంట ఆలస్యంగా కుంకే చోట పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు, పొద్దున బడి టైమ్ మాత్రం మారదు. దాంతో అరగంట నిద్ర పోతుందట. ఆ నష్టం చదువులోనూ కనిపిస్తుందని ఆయన తేల్చారు. ఈశాన్యం కరెంటు బిల్లు గురించే ఎక్కువగా మాట్లాడుకున్నాం గానీ, గుజరాత్ పిల్లల నిద్ర గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇతర దేశాల అనుభవం పెద్దగా దారి చూపదు. చైనా 1949 నుంచి అంత దేశాన్నీ బీజింగ్ టైమ్ మీదే నడుపుతోంది. పడమటి కొసనున్న షిన్‌జియాంగ్‌లో మాత్రం జనం రెండు గంటలు వెనకున్న తమ టైమ్‌ను అనధికారికంగా వాడుకుంటారు. శ్రీలంక 1996లో గడియారాలు ముందుకు జరిపి, పదేళ్లు అటూ ఇటూ అయి, 2006లో మళ్లీ ఐదున్నరకే వచ్చింది. ఎండాకాలం, చలికాలం గడియారం మార్చే అమెరికా పద్ధతి ఎంత చిరాకో అక్కడ పిల్లలున్న మన తల్లిదండ్రులకు బాగా తెలుసు. న్యూయార్క్‌తో తేడా చలికాలంలో పదిన్నర గంటలు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. మార్చి, నవంబరు నెలల్లో ఆదివారం వీడియో కాల్ టైమ్ తప్పుతూనే ఉంటుంది.

వచ్చే నెల తెలిసే ఇప్పటి టైమ్

ఇక సెకను సంగతి. 1967 నుంచి సెకను అంటే సూర్యుడితో సంబంధం లేని కొలత. సీజియం పరమాణువు ఒక ప్రత్యేకమైన మార్పులో వెలువరించే తరంగాలు 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగితే ఒక సెకను. ఢిల్లీలో పూసా దగ్గరున్న జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఇలాంటి సీజియం గడియారాలు, వాటికి తోడుగా హైడ్రోజన్ మేజర్ అనే మరో రకం గడియారాలు ఉన్నాయి. హైడ్రోజన్‌వి కొద్ది గంటల పాటు చాలా నిలకడగా నడుస్తాయి, నెలలు గడిస్తే కాస్త జారతాయి. సీజియంవి దీర్ఘకాలం నమ్మదగినవి. అన్నింటినీ కలిపి చూసి దేశపు టైమ్ తయారుచేస్తారు. ఒక్క గడియారాన్ని నమ్ముకుంటే అది తప్పినప్పుడు తప్పిందని చెప్పేవాళ్లు ఉండరు.

అలాగే ఒక్క దేశాన్నీ నమ్మరు. 80కి పైగా సంస్థల్లోని నాలుగైదు వందల అణు గడియారాల లెక్కలు పారిస్ దగ్గర సెవ్ర్‌లోని అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థకు వెళ్తాయి. అక్కడ వాటి సగటు తీసి, ఏ దేశం గడియారం ఎన్ని నానోసెకన్లు ముందుందో, వెనకుందో నెలకోసారి ప్రకటిస్తారు. ఆ ప్రపంచ సమయం ఏ గడియారంలోనూ ఉండదు, కాగితం మీదే ఉంటుంది. ఇప్పుడు టైమెంత అన్న ప్రశ్నకు అన్నిటికన్నా కచ్చితమైన జవాబు వచ్చే నెలలో వస్తుందన్నమాట! మన ప్రయోగశాల చెప్పే తేడాలో అనిశ్చితి 2.8 నానోసెకన్లు. అంత వ్యవధిలో కాంతి కూడా మూడడుగులు దాటి పోలేదు.

అంత కచ్చితమైన టైమ్ తయారవుతున్నప్పుడు దాన్ని దేశం వాడుకుంటోందా? ఇక్కడే చిక్కు. రేడియో వార్తలకు ముందు వినిపించే ‘పీప్’ శబ్దాలతో ఒక తరం గడియారాలు సరిచేసుకుంది. ప్రయోగశాల టెలిఫోన్ ద్వారా, ఉపగ్రహం ద్వారా కూడా టైమ్ పంపింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో టైమ్ సర్వర్లు ఉన్నాయి. ప్రభుత్వ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) తనవాటికి ‘సమయ్’ అనే పేరు పెట్టింది. కంప్యూటర్ ఒక ప్రశ్న పంపుతుంది, సర్వర్ టైమ్ చెబుతుంది, మాట వెళ్లి రావడానికి పట్టిన ఆలస్యాన్ని సగం చేసి సర్దుకుంటారు. మామూలు పనులకు ఇది చాలు, తేడా కొన్ని మిల్లీసెకన్లు ఉంటుంది.

మొబైల్ టవర్లకు అది చాలదు. ఒకే తరంగం మీద వంతులవారీగా పంపడం, వినడం చేసే 4జీ, 5జీ పద్ధతిలో పక్కపక్క టవర్ల మధ్య తేడా, సెకనును పది లక్షల వంతులు చేస్తే అందులో మూడు వంతులకు మించకూడదు. మించితే ఒక టవర్ మాట్లాడుతుండగా ఇంకోటి వినబోతుంది, రెండూ కలగాపులగం అవుతాయి. కరెంటు గ్రిడ్‌లో దూరదూర సబ్‌స్టేషన్ల తరంగాలను పోల్చే పరికరాలదీ అదే అవసరం. ఇంత సన్నని టైమ్ ఎక్కడ పడితే అక్కడ, పైసా అడగకుండా ఇచ్చేది ఒకటుంది. జీపీఎస్. పైకప్పు మీద ఒక యాంటెన్నా పెడితే చాలు. అది అమెరికా సైన్యానిది, దాని సెకను అమెరికా నౌకాదళ నక్షత్రశాలది. ఆ విధంగా మన టవర్లు, మార్కెట్లు, గ్రిడ్లు తరచుగా వాషింగ్టన్ టైమ్‌ను అడిగి, దానికి ఐదున్నర గంటలు కలిపి భారత ప్రామాణిక కాలం అంటున్నాయి.

రెండింటికీ తేడా నానోసెకన్లలోనే ఉంటుంది, అయితే ఏమిటంటారా? మామూలు రోజుల్లో ఏమీ లేదు. మామూలుగా లేని రోజుల సంగతే ఆలోచించాలి. కార్గిల్ యుద్ధంలో జీపీఎస్ వివరాలు అడిగితే అమెరికా ఇవ్వలేదన్న మాట సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ పుట్టుకకు కారణంగా తరచూ వినిపిస్తుంది. ఎవరూ ఆపకపోయినా, చిన్న జామర్‌తో ఆ బలహీన సంకేతాన్ని ముంచేయవచ్చు, దొంగ సంకేతంతో ఏమార్చవచ్చు. అమృత్‌సర్, జమ్మూ సరిహద్దు ప్రాంతాల్లో విమానాలకు జీపీఎస్ అంతరాయాలు ఎదురవుతున్నాయని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. దారి తప్పించే సంకేతం టైమునూ తప్పిస్తుంది, ఎందుకంటే జీపీఎస్ దూరాన్ని కొలిచేదే టైముతో. మైక్రోసెకను తప్పితే 300 మీటర్లు తప్పినట్టే.

నేర పరిశోధనలోనూ ఇదే సమస్య. ఒక సైబర్ మోసంలో బ్యాంకు సర్వర్, టెలికాం సంస్థ, యాప్ కంపెనీ మూడూ మూడు గడియారాలు చూస్తుంటే ఏది ముందు జరిగిందో కోర్టుకు రుజువు చేయడం కష్టం. 2022 ఏప్రిల్‌లో సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో అందుకే గడియారాల ఊసు వచ్చింది. సర్వర్లన్నీ జాతీయ భౌతిక ప్రయోగశాల లేదా ప్రభుత్వ సమాచార కేంద్రం టైమ్‌తో కలవాలని, వేరే మూలం వాడినా దానికి తేడా రాకూడదని చెప్పింది.

తర్వాతి అడుగు వినియోగదారుల వ్యవహారాల శాఖది. రేషన్ షాపులో కాటాకు ముద్ర వేసే తూనికలు, కొలతల చట్టం కిందే ఇప్పుడు సెకనూ వస్తోంది. టెలికాం, ఇంటర్నెట్ సంస్థలన్నీ భారత కాలాన్ని తప్పనిసరిగా వాడటం లేదని ఆ శాఖ ఒప్పుకుంది. 2025 జనవరిలో ముసాయిదా నియమాలు విడుదల చేసింది. వ్యాపారానికి, పాలనకు, చట్టపరమైన పనులకు భారత ప్రామాణిక కాలమే వాడాలి, ఖగోళ పరిశోధన, నౌకాయానం వంటివాటికి అనుమతితో మినహాయింపు ఉంటుందన్నది దాని సారం. అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటిలోని ప్రాంతీయ తూనికల ప్రయోగశాలల్లో అణు గడియారాలు పెట్టి, ఇస్రో సాయంతో ఢిల్లీ టైమ్‌ను అక్కడి నుంచి పంచాలన్నది పథకం.

పథకం బాగుంది. ఆకాశంలో ఉన్న సగం మాత్రం ఇంకా కుంటుతోంది. నావిక్ తొలి ఉపగ్రహంలో దిగుమతి చేసుకున్న మూడు రుబీడియం అణు గడియారాలూ పాడయ్యాయి. దాని స్థానంలో 2017లో పంపిన ఉపగ్రహం రాకెట్ ముక్కు కవచంలోంచి బయటకు రాలేదు. 2023 మేలో శ్రీహరికోట నుంచి వెళ్లిన కొత్త తరం నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో మొదటిసారి దేశీయ రుబీడియం గడియారం పెట్టారు. మామూలు ఫోన్లలోని చిప్‌లు సులభంగా అందుకునే తరంగాన్ని కూడా అందులో చేర్చారు. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 మాత్రం అనుకున్న కక్ష్యకు చేరుకోలేకపోయింది.

నేల మీద మిగిలిన పని ఇంకా పెద్దది. లక్షల టవర్లలో ఇప్పటికే జీపీఎస్ రిసీవర్లు బిగించి ఉన్నాయి. వాటి స్థానంలో నావిక్‌ను కూడా వినగలిగేవి పెట్టాలి. ఉపగ్రహ సంకేతం పోయినా కొన్ని గంటల పాటు సొంతంగా టైమ్ నిలబెట్టుకునే మంచి గడియారాలు అమర్చాలి. వీలున్నచోట ప్రాంతీయ ప్రయోగశాల నుంచి ఫైబర్ తీగ మీదుగా టైమ్ తెప్పించుకోవాలి. ఊరవతల గుట్ట మీద, డీజిల్ జనరేటర్‌తో నడిచే టవర్‌కు ఇవన్నీ ఎవరు పెడతారు, ఎంత గడువులో పెడతారు, ఆ ఖర్చు చివరికి రీచార్జ్ మీద పడుతుందా అన్నవి టెలికాం సంస్థలూ శాఖలూ కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్కలు.